తివాచీల రంగులరాట్నం

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో మనుషులకన్నా తివాచీలకే ఎక్కువ చోటు ఉండేది. కావలిలో రైలు కట్టకు తూర్పున, ఒక వాలు సందులో మా అత్తగారిల్లు. ముందు గది నిండా చుట్టలు చుట్టి నిలబెట్టిన తివాచీలు, మడతలు పెట్టి పేర్చిన నూలు జంఖానాలు, పైన దూలాలకు వేలాడే గ్యాసు లైట్లు. పెళ్ళిళ్ళకూ సభలకూ వాటిని బాడుగకు ఇవ్వడమే ఆ ఇంటి వ్యాపారం. మామ పోయి చాలా కాలమయింది. అత్తా, మా ఆయనా కలిసి నడుపుకొస్తున్నారు. యాభైల చివర్లో, ఇరవై నిండీ నిండని వయసులో, మూడో మనిషిగా నేను చేరాను.

మా పుట్టింటివాళ్ళు గూడూరులో దూదేకులవాళ్ళు. పరుపులూ దిండ్లూ కుట్టేవాళ్ళు. దూది ధూళిలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు దుమ్ము కొత్త కాదు. కానీ ఈ ఇంటి దుమ్ము వేరు. మా బాడుగల్లో సగం సముద్రం ఒడ్డున ఉన్న పాళేల నుంచి వచ్చేవి. అక్కడ పెళ్ళంటే ఇసుక మీదే పందిరి, ఇసుక మీదే జంఖానా, దానిమీద తివాచీ. ఊరు ఊరంతా దానిమీద కూర్చుని, తిని, పడుకుని లేచాక అది మా ఇంటికి తిరిగొచ్చేది. పోయేటప్పుడు ఇద్దరు అవలీలగా మోసిన చుట్టను, వచ్చేటప్పుడు బండిమీంచి దించడానికి సందులో మనుషుల్ని పిలవాల్సి వచ్చేది. మామూలు దుమ్ము దులిపితే పోతుంది. సముద్రపు ఇసుక అలా కాదు. ఉప్పు తేమతో ఉన్ని మొదళ్ళలో అతుక్కుని కూర్చుంటుంది. పైన అరచేత్తో రాస్తే శుభ్రంగానే కనపడుతుంది. వేళ్ళు లోపలికి దూర్చితే గరగరలాడుతుంది. అది లోపలుంటే కాలు పడిన ప్రతిసారీ దారాలను కోసుకుంటూ పోతుంది.

దొడ్లో రెండు గుంజల మీద అడ్డంగా ఒక వాసం ఉండేది. తివాచీని దానిమీద వేలాడేసి వెదురు కర్రలతో కొట్టాలి. ఒక పక్క అత్త, ఒక పక్క నేను. మొదటి రోజు నేను బలమంతా పెట్టి బాదుతుంటే అత్త కర్ర దించి నిలబడింది.

"అమ్మే, కోపంగా కొట్టబాక. అది నిన్నేం చేసింది? కొస నుంచి కిందికి, వరసగా కొట్టుకుంటా రా. నువ్వు కొట్టేదానికి దుమ్ము బయటికి రాదు, భయపడి లోపలికి పోతాది" అన్నది.

ఆమె కొడితే చూడాలి. కొంగు ముక్కుకు చుట్టుకుని, పళ్ళ మధ్య కొస బిగించి, ఒక్క దెబ్బ కూడా వృథా పోకుండా కొట్టేది. ఆ చేతుల్లోంచి వచ్చిన తివాచీ రంగు తేలి కొత్తదానిలా ఉండేది. అందుకే కావలి చుట్టుపక్కల మా ఇంటి తివాచీలకు మంచి పేరు.

మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన మాటలు తక్కువ మనిషి. గ్యాసు లైట్లు ఎత్తుకుని పెళ్ళిళ్ళకు పోవడం, తెల్లారి వచ్చి వాటిని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించడం ఆయన పని. ఏ వస్తువు చేతికిచ్చినా విప్పి చూడందే మనసు నిలిచేది కాదు. మనుషులతో మాత్రం ఏం మాట్లాడాలో ఆయనకు తెలిసేది కాదు. కొత్తల్లో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు "అన్నం పెట్టమంటారా?", "పెట్టు" అన్నంత వరకే. నాకు దిగులుగా ఏమీ ఉండేది కాదు గానీ, ఈ మనిషితో ఏ దారిన మాట కలపాలా అని అనుకుంటూ ఉండేదాన్ని.

రెండో ఏడు వేసవిలో, పెళ్ళిళ్ళ కాలంలో, అత్తకు ఆయాసం పట్టుకుంది. మొదట దగ్గు. తర్వాత ఒక మధ్యాహ్నం పాళెం నుంచి వచ్చిన పెద్ద తివాచీని కొడుతూ కొడుతూ కర్ర వదిలేసి నేలమీద కూర్చుండిపోయింది. నోరు తెరిచి గాలి పీలుస్తోంది, కానీ గాలి లోపలికి పోతున్నట్టు లేదు. ఛాతీలో పిల్లి కూతలు. నేను వీపు రాస్తూ, మంచినీళ్ళు పట్టిస్తూ ఏడుస్తుంటే ఆమే నా చెయ్యి తట్టి, మాట రాక, సైగ చేసింది: ముందు తివాచీని నీడలోకి తియ్యమని.

డాక్టరు చూసి మందిచ్చాడు. ఇక దుమ్ము దగ్గరికి పోవద్దన్నాడు. ఇంటికి వస్తూ జట్కాలో అత్త నవ్వింది.

"దుమ్ము దగ్గిరికి పోకుండా నేను యాడ ఉండేది? నట్టింట్లో కూర్చున్నా అదే నన్ను వెతుక్కుంటా వస్తాది."

మనుషుల్ని పెట్టి కొట్టించాం. వాళ్ళు పశువుల్ని బాదినట్టు బాది ఒక మంచి తివాచీ అంచు చీల్చేశారు. దాంతో అత్త ఇక ఎవర్నీ రానివ్వలేదు. నేనొక్కదాన్నే కొట్టడం మొదలుపెట్టాను. భుజాలు పడిపోయేవి. అయినా కొట్టడం కష్టం అనిపించలేదు. కిటికీ దగ్గర కూర్చున్న అత్త కొద్దిసేపు ఊరికే చూసి, ఇక ఉండబట్టలేక కొంగు ముక్కుకు చుట్టుకుని బయటికి వచ్చేది. ఆమెను లోపలికి పంపడానికి నేను కర్ర దించేదాన్ని. నేను దించితే ఆమె ఎత్తేది. అదే నాకు కష్టంగా ఉండేది.

ఆ ఏడాది పక్కూరి దర్గా ఉరుసుకు మా ఆయన గ్యాసు లైట్లు ఎత్తుకుపోతూ నన్నూ రమ్మన్నాడు. ఆయన పని చూసుకుంటుంటే నేను అంగళ్ళన్నీ తిరిగి, ఒక పొట్లం బొరుగులు కొనుక్కుని, రంగులరాట్నం ఎక్కాను. చెక్కతో చేసినది, ఇద్దరు మనుషులు నిలబడి చేతుల్తో తిప్పేది, పైకి పోయి కిందికి వచ్చేది. నా పెట్టె నిట్టనిలువుగా పైకి లేచి ఒక్క క్షణం ఆగి జారగానే ఒళ్ళో పొట్లం తిరగబడింది. బొరుగులన్నీ పెట్టె చెక్కల సందుల్లోంచి కిందికి రాలిపోయాయి. కింద నిలబడ్డవాళ్ళు తలలు దులుపుకుంటూ నన్ను తిట్టారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. రాట్నం ఇంకో చుట్టు తిరిగి నా పెట్టె మళ్ళీ పైకి లేచేసరికి నవ్వు ఆగింది. బొరుగుల్ని ఎవరూ కొట్టలేదు, దులపలేదు. ఎత్తి పడేస్తే అవే సందులు వెతుక్కుని పోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో మా ఆయనతో అన్నాను.

"తివాచీని రంగులరాట్నం ఎక్కిస్తే ఎట్టుంటాది?"

ఆయన నావైపు తిరిగి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"దేంట్లో కూర్చోబెడతావు?" అని అడిగాడు.

"పెట్టెలో కాదు. రాట్నమే పంజరంలాగా చేసి, దాని కడుపులో వేస్తే? చుట్టూ బద్దలు, బద్దల మధ్య సందులు. తిప్పతా ఉంటే తివాచీ పైకి పోతాది, కింద పడతాది. ఇసక సందుల్లోంచి రాలిపోతాది."

ఊరు వచ్చేదాకా ఆయన బండి చక్రం వైపే చూస్తూ కూర్చున్నాడు. బండి దిగుతూ, "ఇరుసు దేంతో చేస్తాం?" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నన్ను అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అదే. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలకు కరువు లేదు.

ముందు చిన్నది చేసి చూశాం. పాత జల్లెళ్ళ చట్రాలు రెండు తీసుకుని, వాటి మధ్య చీపురు పుల్లలు కట్టి, లోపల తడిగుడ్డ ముక్కకు తవుడు పట్టించి వేసి తిప్పాం. తవుడు రాలింది. ఇద్దరం పొయ్యి పక్కన కూర్చుని పిల్లల్లా దాన్ని తిప్పుతుంటే అత్త వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందిది, బొమ్మరిల్లా?"

చెప్పాం. ఆమెకు నచ్చలేదు. "మా అత్త కొట్టింది, నేను కొట్టినాను. తివాచీని గుండ్రంగా తిప్పితే దానికి కళ్ళు తిరగతాయి గానీ దుమ్ము పోతాదా?" అని వెళ్ళిపోయింది. కానీ కాసేపటికి మళ్ళీ వచ్చి, పాత దుప్పటి ముక్క ఒకటి మా ముందు పడేసి, "గుడ్డపేలిక కాదు, దీంతో చూడండి" అని పోయింది.

పెద్దదానికి చక్రాలు కావాలి. ఊరి చివర బండ్లు చేసే వడ్రంగి దగ్గర, ఇనప పట్టా ఊడిపోయి పనికిరాకుండా పోయిన పాత ఎద్దులబండి చక్రాలు రెండు గోడకు ఆనించి ఉండేవి. అడిగితే ఆయన, "బండి లేకుండా చక్రాలు దేనికమ్మా?" అన్నాడు. తివాచీలకు అని చెబితే పని ఆపి నన్నూ మా ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. కానీ మంచివాడు. నడిమి కుండ నుంచి అంచుకు పోయే ఆకుల్లో పుచ్చినవి తీసి కొత్తవి వేసి ఇచ్చాడు. చక్రం నుంచి చక్రానికి చుట్టూ సరుగుడు బద్దలు కొట్టాం, బద్దకూ బద్దకూ మధ్య వేలు దూరేంత సందు వదిలాం. ఒక పక్క తలుపులాగా తీసి పెట్టడానికి వీలుగా కొన్ని బద్దల్ని కలిపి కట్టాం. ఇరుసుకు పాత బోరింగు గొట్టం దొరికింది. తిప్పే పిడి మాత్రం మా పుట్టింటి నుంచి వచ్చింది. మా నాయన దూది ఏకే మిషను ఒకటి చెడిపోయి మూలన పడి ఉంటే, దాని పిడి ఊడదీసి, గోనెసంచిలో చుట్టి రైలుకు పంపించాడు. తన చేతుల్తో అరగదీసిన పిడి కదా, మొదటిసారి పట్టుకున్నప్పుడు నా అరచెయ్యి అందులో సరిగ్గా ఇమిడినట్టు అనిపించింది.

దొడ్లో రెండు పంగల గుంజలు పాతి, ఇరుసును వాటిమీద నిలబెట్టి, కందెన దట్టంగా పూశాం. ఆ మధ్యాహ్నం ఒక జంఖానాను లోపల వేసి తలుపు కట్టాం. మా ఆయన పిడి పట్టుకున్నాడు. సందులోవాళ్ళు గోడమీంచి తొంగి చూస్తున్నారు. తిప్పాడు. చక్రం సగం తిరిగింది. జంఖానా మాత్రం నీళ్ళ గుంటలో పడుకున్న ఎనుములాగా అడుగున ఉండకట్టి కూర్చుంది. ఆయన ఇంకా గట్టిగా తిప్పితే పంజరం తిరుగుతోంది, అది ఉన్నచోటనే జారుతోంది. గోడమీద నవ్వులు.

"నిద్రపోతా ఉంది, లేపబాకండి" అన్నది అత్త కిటికీలోంచి.

మా ఆయన మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రం నేను పంజరం లోపలికి దూరి కూర్చుని, మెల్లగా తిప్పమన్నాను. ఆయన వద్దన్నాడు, తర్వాత తిప్పాడు. నేనూ అడుగునే జారుతూ ఉన్నాను. కాలు ఒక బద్దకు తన్నిపెట్టగానే దాంతోపాటు కొంచెం పైకి లేచాను. అప్పుడు అర్థమయింది. "పట్టు లేదు. రాట్నంలో నాకు కూర్చునేదానికి పలక ఉండింది గదా, తివాచీకి కూడా పలక కావాలి" అన్నాను. లోపలి వైపు, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా, జానెడు వెడల్పు అడ్డపలకలు కొట్టాం. ఈసారి తిప్పితే పలక జంఖానాను ఎత్తుకుని పైదాకా తీసుకుపోయింది. అక్కడ అది జారి, ధబ్బుమని కింద పడింది. కింద, బద్దల సందుల్లోంచి, సన్నగా ఇసుక ధార కట్టింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గోడమీద ఎవరూ లేరు అప్పుడు. ఆయన పిడి వదిలేసి కూర్చుని ఆ ఇసుకను గుప్పెట్లోకి తీసుకున్నాడు. "సముద్రంలోది" అన్నాడు, ఎవరో బహుమానం ఇచ్చినట్టు.

ఇక దాన్ని చక్కదిద్దుకుంటూ పోయాం. జోరుగా తిప్పితే తివాచీ కింద పడదు. చెంబులో నీళ్ళు గిర్రున తిప్పితే ఒలకనట్టు బద్దలకు అతుక్కుపోయి తిరుగుతూనే ఉంటుంది. మరీ నిదానమయితే దొర్లుతుందే తప్ప ఎగరదు. ఆ నడిమి వేగం మాకు దొరికేది కాదు. ఒకనాడు కిటికీలోంచి చూసి చూసి అత్త కసురుకుంది. "ఒడ్లు దంచలేదా ఎప్పుడూ? రోకలి లేచి పడినంత సేపు. ఊ... ఊ... అట్టా." ఆమె నోటితో ఊకొడుతుంటే ఆయన తిప్పాడు. తివాచీ సరిగ్గా శిఖరానికి పోయి పడటం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆ మిషనుకు కొలత అత్త నోరే.

దుమ్ము సంగతి ఇంకా ఉంది. ఇసుక కింద పడినా సన్నని ధూళి గాలిలోకి లేచేది. అందుకని మధ్యాహ్నం తూర్పు గాలి తిరిగాకనే పని మొదలుపెట్టేవాళ్ళం. సముద్రం నుంచి వచ్చే ఆ గాలి ధూళిని ఇంటివైపు రానివ్వకుండా పడమటి ఖాళీ స్థలంలోకి, రైలు కట్ట మీదికి తోసుకుపోయేది. గాలికి అటుపక్క తడిపిన గోనెపట్టాలు వేలాడదీశాం. సాయంత్రానికి ఆ పట్టాలు బురద పట్టి బరువెక్కేవి. అత్త ఇటు పక్క, గాలికి ఎదురుగా, పీటమీద కూర్చుని ఊకొట్టేది. దగ్గు వచ్చేది కాదు.

అన్నీ బాగున్నాయనుకున్న రోజుల్లోనే ఒకటి జరిగింది. మా ఇంట్లోకెల్లా మంచిది ఒక ఎర్ర తివాచీ ఉండేది. దాన్ని తిప్పుతుండగా ఒక పంగ నిలువునా చీలింది. ఇరుసు జారింది. పంజరం నేలకు దిగి, ఒక్క క్షణం ఆలోచించినట్టు నిలబడి, దొడ్డి వాకిలి వైపు దొర్లడం మొదలుపెట్టింది. మా ఆయన పట్టుకోబోతే తిరిగే పిడి తగిలి వెల్లకిలా పడ్డాడు. వాకిలి దాటితే సందు, సందంతా రైలు కట్ట నుంచి పొలాల దాకా వాలే. పంజరం సందులో పడి వేగం అందుకుంది. లోపల ఎర్ర తివాచీ ధబధబమని ఎగిరెగిరి పడుతోంది. కోళ్ళు చెదిరిపోయాయి. మజ్జిగ అమ్మే ముసలామె కుండతో సహా అరుగెక్కేసింది. ఎవరో, "ఎడ్లేవిరా, ఎడ్లేవి?" అని అరుస్తున్నారు.

నేను పరుగెత్తాను. నాకన్నా ముందు ఎవరో పరుగెత్తుతున్నారు. చూస్తే అత్త! చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, "పట్టుకోండి నాయనా, నా తివాచీ, నా ఎర్ర తివాచీ" అని అరుచుకుంటూ పోతోంది. సందు చివర పొలం గట్టున ఉన్న గడ్డివామిలోకి పంజరం దూసుకుపోయి, సగందాకా దూరి ఆగింది.

మేం పోయేసరికి అత్త వామికి ఆనుకుని నిలబడి ఉంది. రొప్పుతోంది. నేను పోయి ఆమె భుజం పట్టుకున్నాను. "అత్తా, కూర్చో, కూర్చో" అన్నాను.

"నాకేం గాలేదు లేమ్మే. పరిగెత్తితే వచ్చే ఆయాసమే ఇది, ఆ ఆయాసం గాదు. ముందు దాన్ని బయటికి తియ్యండి."

తలుపు విప్పి తివాచీని లాగాం. వామి మీద పరిచాం. అందరం వంగి చూశాం. అంచులు చెక్కు చెదరలేదు. ఎరుపు ఎలా ఉందంటే, దాని మధ్యలో సన్నని ఆకుపచ్చ తీగ ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే, మా వాకిలి దగ్గర నుంచి వామి దాకా సందు మధ్యలో పొడుగ్గా ఇసుక గీత. అత్త తివాచీలోకి వేళ్ళు దూర్చి, మొదళ్ళలో రాసి చూసింది. మళ్ళీ రాసింది.

"గరగర లేదబయా" అన్నది కొడుకుతో. ఆయన మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు కారుతోంది, అయినా మొహం వెలిగిపోతోంది.

ఆ రోజు తర్వాత అత్త మిషనును ఒక్క మాట అనలేదు. ఇంకొకరు అంటే ఊరుకునేది కూడా కాదు. చీలిన పంగ బదులు వడ్రంగి చేత గట్టి కొయ్య గుంజలు చేయించి, ఇరుసు పైకి లేవకుండా ఇనప బద్ద బిగించాం.

సందులో దొర్లిన మిషను కథ నాలుగూళ్ళు తిరిగింది. తమాషాగా చెప్పుకున్నా, పని కూడా తెచ్చిపెట్టింది. రంజాను ముందు మసీదు జంఖానాలన్నీ మా దొడ్లోకే వచ్చాయి. వాటికి మేం కూలి అడగలేదు, వాళ్ళు తిప్పడానికి మనుషుల్ని పంపించారు. అత్త పీటమీద కూర్చుని ఊకొడుతుంటే ఆ మగవాళ్ళు వంతులేసుకుని తిప్పారు.

ఒకనాడు సంగం అనే ఊరి నుంచి ఒక పెద్దాయన, వరి పండించే ఆసామి, రెండెడ్ల బండిలో ఒక పాత తివాచీ వేసుకొచ్చాడు. వాళ్ళ నాయన కాలంనాటిదట. ధాన్యం కొట్టులో చుట్టి పెట్టి ఏళ్ళయింది. కూతురి పెళ్ళికి పరవాలని తీస్తే ఊకా, ఎలుకలు చేసిన చెత్తా.

"ఏం సాయిబూ, మీ చక్రం బండి దీన్ని బాగుచేస్తాదా, లేకుంటే దొర్లుకుంటా సంగం దాకా పోతాదా?" అన్నాడు మా ఆయనతో.

"రోడ్డు వాలుగా ఉంటే పోయేదే పెద్దయ్యా" అన్నాడు మా ఆయన. నాకు ఆశ్చర్యం. ఈయన బయటివాళ్ళతో పరాచికాలు ఆడటం అదే మొదలు.

పెద్దాయన అరుగుమీద కూర్చుని చూస్తుండగా తిప్పడం మొదలుపెట్టాం. మొదట ఊక రాలింది, తర్వాత వడ్లు, ఎండిన వేపాకు, ఎలుకలు కొరికిన ఉన్ని. పాత ఇల్లు ఒకటి తన మూలలన్నీ ఊడ్చి పారబోస్తున్నట్టుంది. రాలినదాన్ని పారెయ్యడం అత్తకు ఇష్టం ఉండేది కాదు. మంచి ఇసుకయితే అంట్లు తోమడానికి పనికొస్తుందని జల్లెడ పట్టేది. ఆ రోజు కూడా పడుతూ పడుతూ ఆగి, జల్లెడలోంచి ఏదో రెండు వేళ్ళతో తీసింది. కొంగుతో తుడిచి ఎండలో పెట్టి చూసింది. ముక్కుపుడక. తెల్లరాయిది.

"అయ్యా, ఇది మీ ఇంట్లోదేనా?"

పెద్దాయన దగ్గరికి వచ్చి అరచేతిలో వేసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"అక్కా, మా ఇంటామెది. పెండ్లయిన కొత్తల్లో పోయినాది. నేనే యాడో పారేసినానని ఇప్పటికీ అంటా ఉంటాది. ఇల్లంతా తవ్వినాం. దీని కడుపులో ఉండాదని ఎవరికి తెలుసు?"

పెళ్ళి అయిపోయాక ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి భార్యను వెంటబెట్టుకుని. బండిలో ఒక బస్తా మొలగొలుకుల బియ్యం. ఆమె ముక్కుకు ఆ పుడక ఉంది. మిషను చూడాలని వచ్చిందట. చుట్టూ తిరిగి చూసి, పిడి పట్టుకుని తనే ఒక చుట్టు తిప్పింది.

"అయితే ఈయన పారెయ్యలేదన్నమాట" అన్నది.

"ఇన్నేళ్ళు నన్ను అన్న మాటలన్నీ ఇప్పుడు ఎట్టా వెనక్కి తీసుకుంటావు?" అన్నాడు పెద్దాయన.

"వెనక్కెందుకు తీసుకుంటా? ఇంకోటి ఏదన్నా పోయినప్పుడు సరిపెట్టుకో" అన్నది ఆమె. అత్త అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. దగ్గు రాకుండా నవ్వింది.

అరవైలు సగం గడిచేసరికి మా సందులోకి కరెంటు వచ్చింది. మా ఆయన ఎక్కడి నుంచో పాత మోటారు ఒకటి తెచ్చి, నెలంతా దానితో కుస్తీ పట్టి, బెల్టు వేసి మిషనుకు బిగించాడు. తిరిగింది. బాగానే తిరిగింది. కానీ ఆ రొదలో అత్త ఊకొట్టేది వినపడేది కాదు, మేం మాట్లాడుకునేదీ వినపడేది కాదు. కొన్నాళ్ళు వాడి, ఆయనే దాన్ని విప్పేశాడు. అదే మోటారును బావికి బిగిస్తే, నీళ్ళు తోడుకునే బాధ తప్పింది. మధ్యాహ్నపు గాలి తిరగగానే మేం ముగ్గురం మళ్ళీ పాత పిడి దగ్గరే చేరేవాళ్ళం.

ఆ చక్రాలు ఎప్పుడో బండిలో అరిగిపోయినవే కదా. ఒక వానాకాలం వాటి ఆకులు వదులయ్యాయి, బద్దలు పుచ్చాయి. ఆ ఏడు రెండోది కట్టాలనుకున్నాం. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. వడ్రంగి దగ్గరికి ఈసారి కొత్త చక్రాలే చేయించడానికి పోయాం. ఆయన మమ్మల్ని చూడగానే, "బండి లేని చక్రాలే గదా?" అన్నాడు.

గుంజలు పాతే రోజు అత్త పీట ఎత్తుకొచ్చి దొడ్లో అటు ఇటు తిరిగింది. గాలి ఎటునుంచి వస్తుందో చూసుకుంది. ఆపైన మా ఆయన్ను పిలిచి గట్టిగా చెప్పింది.

"అబయా, ఈసారి పిడి ఇటుపక్క కూడా పెట్టు. కూర్చుని ఊకొట్టీ ఊకొట్టీ విసుగు పుట్టింది. నాకు ఎడమచెయ్యి వాటం, నీకు తెలీదా?"

"డాక్టరు..." అని ఆయన మొదలుపెట్టాడు.

"డాక్టరు దుమ్ము దగ్గిరికి పోవద్దన్నాడు. దుమ్ము అటు పోతా ఉంటే నేను ఇటు ఉండా. ఇంకేం కావాలి?"

ఆయన నావైపు చూశాడు. నేను తలూపాను. రెండు వైపులా రెండు పిడులు పెట్టాం. గూడూరు నుంచి మా నాయన పంపిన పాత పిడి అత్తవైపు, వడ్రంగి చేసిన కొత్తది నావైపు. మొదటి తివాచీ వేసి తలుపు కట్టాక అత్త కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. మా ఆయన పక్కకు తప్పుకుని, అరుగుమీద చతికిలబడి, పిల్లలిద్దర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"ఊ..." అన్నది అత్త.

నేను తిప్పాను.